తాటి టెంక పాతితే: సంక్రాంతికి తేగలు, గట్టు మీద నూరేళ్ల చెట్టు

తాటిచెట్టును ఎవరూ నాటరు, అదే మొలుస్తుంది అని మన వైపు చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు అది నిజమే. శ్రావణ భాద్రపదాల్లో పండ్లు రాలేవి. పిల్లలు చీకి పారేసిన టెంకలు గట్ల మీద, కాలవ ఒడ్డున, దొడ్లో పడేవి. వాటిలో కొన్ని మొలిచేవి. ఇప్పుడు విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పండయ్యేదాకా గెల చెట్టు మీద ఉండటమే అరుదైపోయింది. వేసవిలోనే ముంజల కోసం కోసేస్తున్నారు. ఉన్న చెట్లేమో రోడ్ల వెడల్పుకీ, ప్లాట్లకీ, ఇటుక బట్టీలకీ పోతున్నాయి. టెంక నేల మీద పడకపోతే కొత్త చెట్టు ఎక్కడినుంచి వస్తుంది? అందుకే ఇక మనమే నాటాలి, అదీ పద్ధతిగా నాటాలి.

నాటమంటే వెంటనే వచ్చే మాట ఒకటుంది: పదిహేనేళ్లకు కాసే చెట్టుతో మాకేం పని? ఈ మాటకు తేగలే, అంటే టెంక నుంచి నేలలోకి దిగి ఊరే, ఉడికించి తినే మొలకలే జవాబు. భాద్రపదంలో ఏరుకొచ్చిన పండ్ల నుంచి ఆ వారంలోనే ఇంట్లో తాటి రొట్టె తినొచ్చు. మిగిలిన టెంకల్లో మంచివి కొన్ని గట్టు మీద పాతి, తక్కినవన్నీ పాతర వేస్తే సంక్రాంతికి తేగలు చేతికొస్తాయి. చెట్టు సంగతి తర్వాత, మొదటి పంట నాలుగు నెలల్లోనే. అందుకే ఇక్కడ చెట్టు దగ్గర కాకుండా పండు దగ్గర మొదలుపెట్టి, టెంక వెంట నడుచుకుంటూ వెళ్దాం.

టెంక మొలిచే తీరు ముందు తెలియాలి

చిక్కుడు గింజ పాతితే మొలక నేల చీల్చుకుని పైకొస్తుంది. తాటి టెంక అలా కాదు. దాంట్లోంచి మొదట తెల్లటి, వేలంత లావు గొట్టం లాంటిది బయటికొస్తుంది. అది సరాసరి కిందికి దిగుతుంది. పిల్లమొక్క ఆ గొట్టం కొసలో ఉంటుంది. నేల వదులుగా ఉంటే అడుగున్నర, రెండడుగులు, ఒక్కోసారి ఇంకా లోతుకు పోతుంది. అక్కడ ఆగి, పైన టెంకలో దాచుకున్న తిండిని కిందికి లాక్కుంటూ తేగగా ఊరుతుంది. అదే సమయంలో టెంక లోపల మెత్తగా, తెల్లగా, తియ్యగా బుర్రగుంజు నిండుతుంది. తేగ అడుగున వేర్లు పడతాయి. మధ్యలో చుట్ట చుట్టుకున్న లేత ఆకు ఉంటుంది. అది నేల పైకి తొంగిచూసేసరికి నెలలు గడుస్తాయి.

అంటే మనకు పైన ఏమీ కనిపించని రోజుల్లోనే మొక్క తన పునాదంతా వేసుకుంటోంది. తాడి ఎండకు తట్టుకోవడానికి, గాలివానకు కూలకపోవడానికి ఈ లోతే మొదటి కారణం.

నాటే పద్ధతంతా ఇక్కడి నుంచే వస్తుంది. మొలిచి ఆకు తొడిగిన మొక్కను పీకి వేరేచోట పెడితే సాధారణంగా బతకదు. వేర్లు మనం తవ్వినదానికన్నా లోతులో ఉండి తెగిపోతాయి. కాబట్టి చెట్టు ఎక్కడ కావాలో టెంక అక్కడే పాతాలి. గట్టి నేలైతే కింద గుల్ల చేసి పాతాలి. తేగల కోసమైతే నేల తవ్వి పూడ్చడం కాకుండా, మట్టిని ఎత్తుగా పోసి దాని మీద టెంకలు పరచాలి. ఈ మూడూ గుర్తుంటే మిగతాది తేలిక.

ఇంకో సంగతి. తాడిలో ఆడ, మగ వేరువేరు చెట్లు. మగచెట్టును పోతుతాడు అంటారు. దానికి పొడుగాటి వేళ్లలాంటి పూగుత్తులు తప్ప కాయలుండవు. పూత వచ్చేదాకా, అంటే 12 నుంచి 15 ఏళ్లు, ఒక్కోచోట 20 ఏళ్ల దాకా ఏది ఆడో ఏది మగో చెప్పలేం. ఎవరైనా ఆడమొక్కలే ఏరి ఇస్తామని డబ్బు అడిగితే ఇవ్వకండి. పోతుతాడు దండగ అని కొట్టేయడం కూడా తప్పు. అది లేకపోతే ఆడచెట్ల కాయల్లో టెంకలు సరిగా కట్టవు. పైగా కల్లు, నీరా (పులవని తీపి రసం) పోతుతాటి నుంచి కూడా వస్తాయి.

పండు ఏరడం

ఆగస్టు, సెప్టెంబరు నెలలు అదను. పండు ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున రాలుతుంది. ఉదయాన్నే వెళ్లినవాళ్లకే దొరుకుతుంది. బాపట్ల, రేపల్లె, నిజాంపట్నం వైపు ఇప్పటికీ చెట్ల కింద పండ్లు కనిపిస్తాయి. విజయవాడ వాళ్లకు ఉయ్యూరు, అవనిగడ్డ దారిలో కాలవ గట్లున్నాయి. చెట్టు ఎవరి పొలంలో ఉందో వాళ్లను అడిగి తెచ్చుకోవడం మర్యాద. చాలామంది కాదనరు.

విత్తనానికి ఏ చెట్టు మంచిదో ఆ ఊళ్లో ముంజలు కోసేవాళ్లనూ, కల్లు గీసేవాళ్లనూ అడగండి. ఏ చెట్టు గుజ్జు తీపి, ఏది చేదు, ఏది ఏటా విరగకాస్తుంది, అన్నీ వాళ్లకు తెలుసు. తల్లిచెట్టు మంచిదైనంత మాత్రాన పిల్ల అలాగే వస్తుందని హామీ లేదు, పుప్పొడి ఏ పోతుతాటి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు కదా. అయినా చేదు చెట్టు టెంక తెచ్చి నాటడం కన్నా ఇది నయం.

పండు నల్లగా, నిండుగా ఉండి, ముచ్చిక దగ్గర నారింజ రంగు తేలి, పది అడుగుల దూరం నుంచే వాసన కొట్టాలి. బాగా కట్టిన పండులో మూడు టెంకలుంటాయి. వంకరగా, ఒక పక్క చప్పిడిగా ఉన్నదాంట్లో ఒకటో రెండో ఉంటాయి. అది తినడానికి సరే, విత్తనానికి వద్దు.

గుజ్జు తీయడం, రొట్టె వేయడం

ముచ్చిక ఊడదీసి, పైన నల్లటి తోలు ఒలవండి. కాస్త తడి చేసుకుని పండును నేలకేసి మెల్లగా కొడితే టెంకలు విడివడతాయి. ఒక్కో టెంకను గిన్నెలో పెట్టి, కొద్దిగా నీళ్లు చల్లి, పీచును చేత్తో పిసికితే పసుపు గుజ్జు దిగుతుంది. నీళ్లు ఎక్కువ పోస్తే గుజ్జు పలచనై రొట్టె పాడవుతుంది. పిసకడం కష్టమనిపిస్తే గరుకు జల్లెడ మీద రుద్దండి. చివర్లో వడగట్టి పీచు తీసేయాలి.

కలిపే ముందు ప్రతి పండు గుజ్జునూ నాలుక మీద పెట్టి చూడండి. కొన్నిటిలో చేదుంటుంది. ఒక్క చేదు పండు గిన్నెడు గుజ్జును చెడగొడుతుంది. కొంచెం చేదైతే పలచటి గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీస్తే నీటితోపాటు చాలావరకు పోతుంది. మరీ చేదైతే వదిలేయండి. దాని టెంక పాతరకు పనికొస్తుంది.

రొట్టెకు లెక్క ఇది: రెండు కప్పుల గుజ్జుకు రెండు కప్పుల బియ్యపు రవ్వ, కప్పున్నర బెల్లం తురుము, కప్పు పచ్చికొబ్బరి, చిటికెడు ఉప్పు, రెండు యాలకులు. అన్నీ కలిపి గంటన్నర నాననివ్వాలి, లేకపోతే రవ్వ పలుకు మిగులుతుంది. అడుగు మందంగా ఉన్న మూకుడులో నెయ్యి రాసి, రెండు వేళ్ల మందాన పిండి పరిచి, మూతపెట్టి సన్న సెగ మీద ఉంచండి. అరగంటకు పైనే పడుతుంది. అంచు ఎర్రబడి మూకుడును వదిలినప్పుడే తిరగేయాలి. ఇదే పిండిని గట్టిగా కలిపి నూనెలో వేస్తే తాటి గారెలు. వేడి మీద కన్నా మర్నాడు పొద్దున చల్లగా తింటేనే తాటి రొట్టె బాగుంటుందని నా గట్టి అభిప్రాయం.

టెంకల్ని వేరు చేయడం

గుజ్జు తీసిన టెంకల్ని కడిగి నీడలో కుప్ప పోయండి. ఎండలో వేయొద్దు, లోపలి పప్పు ఎండిపోతుంది. చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉన్నవి, పగుళ్లూ పురుగు రంధ్రాలూ లేనివి ఏరి గట్టుకు పక్కన పెట్టండి. తక్కినవి పాతరకు. నెల దాటకుండా నేలలో పడేటట్టు చూసుకోండి. కిందటి ఏడాది టెంకలు ఎంత బాగా కనిపించినా దాదాపుగా మొలవవు.

గట్టు మీద నాటడం

మన జిల్లాల్లో తాడి పెరగని నేల లేదనే చెప్పాలి. బాపట్ల ఇసుకలో, తెనాలి వైపు ఒండ్రులో, గుంటూరు నల్లరేగడిలో, నరసరావుపేట వైపు గరుకు నేలల్లో అన్నిచోట్లా ఉంది. మనకు పడే వానే దానికి సరిపోతుంది. సముద్రపు ఒడ్డు ఉప్పుగాలికీ తట్టుకుంటుంది. నెలల తరబడి నీళ్లు నిలిచే గుంటలో మాత్రం లేత మొక్క కుళ్లిపోతుంది.

చోటు ఎంచుకునేటప్పుడు తలెత్తి పైకి చూడండి. కరెంటు తీగల కింద, ఇంటి పైకప్పు పక్కన, పిల్లలు ఆడుకునే చోట, బండ్లు ఆపే చోట వద్దు. పండు కిలో పైనే తూగుతుంది. ఎండిన కమ్మ మట్టతో సహా జారిపడుతుంది. పొలం గట్టు, చెరువు కట్ట, కాలవ ఒడ్డు, స్థలం సరిహద్దు దీనికి తగిన చోట్లు. పంచాయతీ చెరువు కట్టైతే ముందుగా పంచాయతీలో చెప్పి నాటండి. తర్వాత ఎవరో వచ్చి పీకించకుండా ఉంటుంది.

వరసలో చెట్టుకూ చెట్టుకూ 3 మీటర్లు, అంటే పది అడుగులు చాలు. ఆకులు పైనే ఉంటాయి కాబట్టి పంట మీద నీడ తక్కువ. వరిచేను గట్టు మీదైతే ఒక్కటి ఆలోచించుకోవాలి. గిజిగాళ్లు తాటాకులకు గూళ్లు కట్టుకుంటాయి, కంకి పాలుపోసుకునే వేళ గింజకు వస్తాయి. పురుగుల్నీ తింటాయి. గూళ్లు వేలాడే తాటిచెట్లు పోకుండా ఉండాలని కోరుకునేవాణ్ణి కాబట్టి, ఆ నాలుగు గింజలు నాకు పెద్ద విషయం కాదు.

సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో నాటితే ఈశాన్య రుతుపవనాల తడి అందుతుంది. పని ఇలా చేయండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంట తీయండి. గుంట అడుగున గునపంతో ఇంకో అడుగున్నర లోతు పొడిచి, అటూ ఇటూ కదిపి గుల్ల చేయండి. నల్లరేగడిలో, మొరంలో ఈ పని మానొద్దు. కిందికి దిగే గొట్టానికి దారి దొరక్కపోతే మొక్క అక్కడే వంకరపోయి నిలిచిపోతుంది. గుంటను పైమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. అందులో రెండు టెంకలు జానెడు ఎడంగా, అడ్డంగా పడుకోబెట్టి, పైన నాలుగు వేళ్ల మందం మట్టి కప్పండి. తల ఎటున్నా గొట్టం తనంతట తనే కిందికి తిరుగుతుంది. నీళ్లు పోసి, పక్కన గుర్తు కర్ర పాతండి. కర్ర లేకపోతే వచ్చే ఏడు మీరే దాన్ని దున్నేస్తారు.

రెండూ మొలిస్తే రెండో ఏడు బలమైనది ఉంచి ఒకటి తీసేయండి.

గట్టు లేనివాళ్లు, నర్సరీ పెట్టాలనుకునేవాళ్లు పొడుగాటి పాలిథిన్ సంచులు వాడొచ్చు. కనీసం అడుగున్నర ఎత్తు ఉండాలి. టెంకల్ని తడి ఇసుకలో పరిచి, తెల్లటి మొలక ఒక అంగుళం బయటపడగానే సంచిలోకి మార్చాలి. అప్పటికింకా తేగ ఊరదు కాబట్టి దెబ్బ తగలదు. మొలక చేయంత పొడుగయ్యాక ముట్టుకోకూడదు. సంచి అడుగు చీల్చుకుని వేరు నేలలోకి దిగకముందే మొక్కను పొలంలో పెట్టేయాలి.

తేగల పాతర

ఓపికుంటే ఎవరైనా చేయగల పని ఇది. పాతరలో అసలు కిటుకు ఎత్తు. టెంక పైన ఉండాలి, కింద రెండడుగుల పైన వదులు మట్టి ఉండాలి. ఎంత వదులు మట్టి ఉంటే అంత పొడుగు తేగ. మామూలు నేలలో గొయ్యి తీసి టెంకలు పోసి పూడ్చేస్తే తేగలు పొట్టిగా, గిడసబారి, ఒకదానిలో ఒకటి చిక్కుకుని వస్తాయి. తవ్వేటప్పుడు సగం విరుగుతాయి.

ఇంటి అవసరానికి ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు పాతర బాగుంటుంది. ఎండ తగిలే మెరక చోటు చూసుకోండి. బాపట్ల, చీరాల తీరంలో ఉన్న ఇసుక నేల, కృష్ణ లంకల్లో ఉండే ఒండ్రు ఇసుక దీనికి దిట్టంగా ఉంటాయి. గుంటూరు నల్లమట్టిలో ఉన్నవాళ్లు సగం ఇసుక, సగం మట్టి కలుపుకోవాలి. ఒట్టి నల్లమట్టి ఎండితే బిగుసుకుంటుంది, తడిస్తే నీళ్లు వదలదు. చుట్టూ ఇటుకలు గానీ తాటి మట్టలు గానీ నిలబెట్టి, రెండున్నర అడుగుల ఎత్తు మట్టి పోయండి. తొక్కి గట్టి చేయొద్దు. రెండు కడవల నీళ్లు చల్లితే అదే సర్దుకుంటుంది.

పైన టెంకల్ని ఒకదానికొకటి ఆనించి పరచండి. ఈ కొలత పాతరలో ఒక వరసకు నూట యాభై దాకా పడతాయి. ఒకదాని మీద ఒకటి రెండు వరసలు వేయొచ్చు. మూడో వరస వేస్తే కింది తేగలు సన్నబడతాయి. పైన రెండు మూడు వేళ్ల మందం మట్టి, దాని మీద ఎండుగడ్డి కప్పండి. అక్టోబరు, నవంబరు వానలుంటే నీళ్లు పెట్టే పనే ఉండదు. వాన వెనక్కి వెళ్లాక నాలుగైదు రోజులకోసారి పైపైన చల్లండి. పిడికెడు మట్టి తీసి నొక్కితే ఉండ కట్టాలి, నీళ్లు మాత్రం కారకూడదు. తుఫాను వాన వస్తే పాతర చుట్టూ చిన్న కాలవ తీసి నీళ్లు బయటికి పంపండి.

పందికొక్కులతో జాగ్రత్త. బుర్రగుంజు వాసన తగిలితే ఒక్క రాత్రిలో పాతరంతా కెలికేస్తాయి. పైన ముళ్లకంప వేసి, అంచుల చుట్టూ ఇనుప జాలీ ఒక అడుగు లోతుకు దింపితే చాలావరకు ఆగుతాయి. ఊరపందులు తిరిగే చోటైతే కంచె లేకుండా పాతర వేయనేకూడదు.

డిసెంబరు నెల మధ్యలో ఒక మూల నుంచి ఒక్క తేగ తీసి చూడండి. చూపుడువేలి కన్నా లావుగా, విరిస్తే తెల్లగా పిండి కనిపిస్తే ఇంకో రెండు మూడు వారాల్లో పాతర తీయొచ్చు. ఆకు కొస పైకి కనిపించేదాకా ఆగితే పీచు ముదిరిపోతుంది. పాతరను పైనుంచి తవ్వొద్దు. ఒక పక్క ఇటుకలు తీసేసి, గోడలా నిలబడ్డ మట్టిని పక్క నుంచి పారతో రాల్చుకుంటూ పోతే తేగలు వరసగా బయటపడతాయి. టెంకతో సహా ఒక్కోటి చేత్తో తీసుకోవడమే. టెంకను విరిచి పక్కనపెట్టి, తర్వాత కత్తితో పగలగొడితే బుర్రగుంజు. పిల్లలు తేగల కన్నా దీనికోసమే పోట్లాడతారు. అది ఆ పూటే తినాలి. ఉంచితే పులుస్తుంది.

తేగలు పచ్చివి తినరు. ఉడకబెట్టడం సులువు. మట్టి కడిగి, పైపొర ఉంచి, కాస్త ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో గంట ఉడికించాలి. రుచి కావాలంటే తంపట వేయాలి. పాత కుండలో తేగల్ని నిలువుగా, కదలకుండా కూరి, మూతికి గడ్డి కుక్కి, నేల మీద బోర్లించండి. చుట్టూ ఎండు తాటాకులు, పిడకలు పేర్చి నిప్పు పెట్టండి. మంట ఆరాక కూడా కుండను కదపొద్దు. నివురు చల్లారేదాకా లోపల మగ్గాలి. అలా తీసిన తేగ ఒలిస్తే మీద సన్నటి మాడు వాసన, లోపల గెనుసుగడ్డను తలపించే కమ్మదనం. నిలువునా చీల్చి, మధ్యలో ఉన్న లేత ఆకు, పిల్లలు చందమామ అనేది, ముందు తింటారు. తర్వాత పీచు లాగేస్తూ చప్పరించడం.

మిగిలితే ఉడికించినవాటిని పీచు తీసి, చక్రాల్లా తరిగి, ఎండబెట్టి పిండి పట్టించుకోవచ్చు. ఆ పిండి నెలల తరబడి నిలవుంటుంది, జావకు, రొట్టెకు వస్తుంది. అమ్మాలనుకుంటే సంక్రాంతికి ముందు రెండు వారాలు అదను. గుంటూరు, బెజవాడ బస్టాండ్ల దగ్గర, రోడ్ల పక్కన తేగల కట్టలు అప్పుడే కదులుతాయి. ఉడికించినవాటి కన్నా తంపట తేగలకు గిరాకీ ఎక్కువ.

మొదటి ఏళ్లు

గట్టు మీది మొక్కకు మొదటి ఆకు సన్నగా, కత్తిలా వస్తుంది. గడ్డిపోచ అనుకుని పీకేస్తారు, జాగ్రత్త. విసనకర్రలా విచ్చుకునే ఆకులు రావడానికి ఇంకో ఏడాది రెండేళ్లు. మాను కంటికి కనబడటానికి అయిదారేళ్లు, కొన్ని నేలల్లో అంతకన్నా ఎక్కువ. ఇంతకాలం అది ఎదగడం లేదని బెంగ పడొద్దు. కింద లావెక్కుతోంది. మాను మొదలయ్యాక ఏటా అడుగు దాకా పెరుగుతుంది.

ఈ కాలంలో దానికి ఎరువు కన్నా కాపలా ముఖ్యం. మొదటి రెండు వేసవుల్లో వారానికోసారి నీళ్లు పోస్తే మంచిది, పోయలేకపోయినా చాలా మొక్కలు బతుకుతాయి. ఏటా తొలకరికి ఒక గంప పశువుల ఎరువు చాలు. అసలు ప్రమాదం నిప్పు. పంట కోశాక మోళ్లు తగలబెట్టేటప్పుడు, గట్టు మీది ఎండుగడ్డికి అంటించినప్పుడు లేత తాటిమొక్కలు మాడిపోతాయి. మొక్క చుట్టూ మూడడుగుల మేర గడ్డి చెక్కి ఉంచండి. కౌలుకిచ్చే పొలమైతే కౌలుదారుకు ఒక్కో మొక్కా చూపించి చెప్పండి.

పురుగు, తెగులు

కొమ్ము పురుగు మొవ్వులో, అంటే చెట్టు తల మధ్య ఉండే లేత చిగురులో తొలుస్తుంది. విచ్చుకున్న ఆకు కత్తెరతో కత్తిరించినట్టు ఉంటే అదే. కొక్కెం తీగతో పురుగును బయటికి లాగి చంపాలి. మట్టల సందుల్లో వేపపిండి, ఇసుక కలిపి వేయాలి. అది గుడ్లు పెట్టేది పెంటకుప్పల్లో కాబట్టి చెట్ల పక్కన పెంట పోయొద్దు. ఎర్ర ముక్కు పురుగు గాయాల్లోంచి లోపలికి పోతుంది. పచ్చి మట్టలు నరికినప్పుడు మానుకు గాటు పడకుండా చూడాలి.

మొవ్వు కుళ్లు అన్నిటికన్నా చెడ్డది. మధ్య ఆకు వాడి, లాగితే ఊడొస్తుంది, దుర్వాసన కొడుతుంది. తాడికి మొవ్వు ఒక్కటే, అది పోతే చెట్టు పోయినట్టే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఈ తెగులుతో తాటిచెట్లు పెద్ద ఎత్తున చచ్చాయి. బట్లర్ అనే శాస్త్రవేత్త దానికి కారణమైన శిలీంధ్రాన్ని 1907లో వర్ణించాడు. తెగులు సోకిన చెట్ల తలలు కొట్టించి కాల్చడమే ఆనాడు ప్రభుత్వం చేపట్టిన పని. ఇప్పుడు తొలిదశలో గమనిస్తే కుళ్లిన భాగం చెక్కేసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూసి, మొవ్వులోకి వాన నీరు దిగకుండా కప్పితే కొన్ని చెట్లు దక్కుతాయి. చుట్టుపక్కల చెట్ల మొవ్వుల్లో ఒక శాతం బోర్డో మిశ్రమం పోయాలి. దక్కదనుకున్న చెట్టును కొట్టి కాల్చేయడమే తక్కినవాటికి రక్ష.

కాపుకొచ్చాక

ముంజలకు కాయ లేతగా, లోపల నీళ్లు ఉన్నప్పుడే గెల దించాలి. నాలుగు రోజులు ముదిరితే ముంజ గట్టిపడి కడుపునొప్పి తెస్తుంది. గెలను తాడు కట్టి దించాలి, పైనుంచి పడేస్తే కాయలు చితుకుతాయి. నా విన్నపం ఒకటి: ప్రతి చెట్టుకూ ఒకటి రెండు గెలలు పండుకు వదిలేయండి. ముంజలు కొనుక్కునే వ్యాపారికి చెట్టు గుత్తకిచ్చేటప్పుడే ఈ మాట ఒప్పందంలో పెట్టుకోవాలి.

చెట్టెక్కడం నేర్చుకుని చేసే పని కాదు, అలవాటున్నవాళ్లకే వదలాలి. తాడెక్కేవాణ్ణి ఎంతదాకా ఎగసన తోయగలం? మోకు సరిగా ఉందో లేదో చూడటం, మాను మీద ఎండు మట్టలు ముందే కొట్టించి ఉంచడం, వాన పడ్డ మర్నాడు ఎక్కించకపోవడం, ఇవి చెట్టు యజమాని బాధ్యతలు.

కల్లు గీయాలంటే ఎక్సైజ్ శాఖ లైసెన్స్ ఉండాలి. నీరా తీయాలన్నా ముందు ఆ ఆఫీసులోనే కనుక్కోండి. చలికాలం నుంచి వేసవి దాకా సీజన్. పూగెల కొసను రోజూ పలచగా చెక్కుతూ, కింద కుండ కడతారు. కుండ లోపల సున్నం పూస్తే రసం పులవకుండా నీరాగా దిగుతుంది. సున్నం లేకుంటే కొన్ని గంటల్లోనే కల్లవుతుంది. నీరాను తెల్లారకముందే దించి, చల్లగా ఉంచి, ఆ పూటే తాగాలి.

బెల్లం చేయాలంటే నీరాను దించిన గంటలోపే పొయ్యి ఎక్కించాలి. సున్నం అడుగుకు దిగాక పైది తేర్చి, గుడ్డలో వడగట్టి, వెడల్పాటి మూకుడులో కాచాలి. మొదట మంట బాగా పెట్టి, నురగ తీసేస్తూ ఉండాలి. చిక్కబడ్డాక సెగ తగ్గించి, ఆపకుండా కలపాలి. చుక్క చన్నీళ్లలో వేస్తే గట్టి ఉండ కావాలి. అప్పుడు దించి, కాసేపు తిప్పి, తడిపిన కొబ్బరి చిప్పల్లో పోస్తారు. దాదాపు పది లీటర్ల నీరాకు కిలో బెల్లం వస్తుంది. వంటచెరకు, శ్రమ లెక్క కడితే తాటి బెల్లం ఎందుకంత ఖరీదో అర్థమవుతుంది. చవగ్గా అమ్మేదాంట్లో చక్కెర కలిసి ఉండొచ్చు, నమ్మకమైనవాళ్ల దగ్గరే కొనండి. నీరా, బెల్లం, గుజ్జు నిలవ పద్ధతులు నేర్చుకోవాలంటే రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం వారి పరిశోధనా స్థానం ఉంది. తాటి మీద అక్కడ ఏళ్లుగా పని జరుగుతోంది.

ఆకు, మట్ట, మాను

చెట్టు తలలో 30 నుంచి 40 ఆకులుంటాయి. పాకలకూ పందిళ్లకూ కొట్టేటప్పుడు కింది వరసలే తీయాలి. సగానికి తగ్గకుండా తలలో ఉంచాలి. గుండు చేసినట్టు కొడితే మరుసటి ఏడు కాపు ఉండదు. కొట్టిన కమ్మల్ని పచ్చిమీద ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన రాళ్లు పెట్టి అణిచితే చదునుగా ఆరతాయి. అప్పుడే పాకకు నేత కుదురుతుంది. కప్పు రెండు మూడేళ్లు వస్తుంది. విసనకర్రలకు, బుట్టలకు, చాపలకు, పిల్లల తాటాకు బొమ్మలకు ఇంకా విచ్చుకోని మొవ్వాకు కావాలి. ఒక చెట్టు నుంచి ఏటా ఒకటి రెండుకు మించి తీయొద్దు. మన పూర్వులు కావ్యాలు రాసుకున్నది కూడా ఈ ఆకుల మీదే. ఉడకబెట్టి, ఆరబెట్టి, నున్నగా చేసి, గంటంతో గీసి, గీతల్లో మసి రుద్దేవారు. మట్టల నుంచి నార తీసి తాళ్లు పేనుతారు. ఎండు మట్టలు కంచెకూ పొయ్యికీ పనికొస్తాయి.

మాను బయటి భాగమే చేవ, లోపలిది బెండు. అందుకే ముదురు చెట్టు కొడితేనే దూలం, వాసం నిలుస్తాయి. కొల్లేటిలో తిరిగే తాటి దోనెలు చేసిందీ ఈ గుణం వల్లే: లావైన మొదలు తీసుకుని లోపలి బెండు తొలిచేస్తే గట్టి పెంకు మిగులుతుంది. చెట్టు కొట్టాల్సి వస్తే ముందు తహసీల్దారు ఆఫీసులో వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి సంగతి కనుక్కోండి. కొట్టాక మానును చీల్చి, బెండంతా చెక్కేసి, వాసాల్ని కొన్ని వారాలు చెరువు నీళ్లలో నాననిచ్చి, నీడలో ఆరబెట్టాలి. బెండు మిగిలితే చెదలు పట్టేది అక్కడే. గోడలో కూరే కొసలకు పాత ఇంజన్ ఆయిల్ పూస్తే తడి అంతగా ఎక్కదు.